చమించు

డాక్టర్ మృణాళిని తన ల్యాబ్‌లో ఉత్తరాన్ని చేతిరాత పరీక్షించే యంత్రంలో పెట్టింది. తెరమీద జవాబు వచ్చింది: ‘ఇది ఫాంట్. మనిషి రాత కాదు.’

“నా సేత్తో రాసినానమ్మా! నాది కాదంటాదేటి?” అంది గౌరీశ్వరి. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆ ఫాంట్ ఆమెదే. గౌరీశ్వరి పదిహేనేళ్ళు బస్‌స్టాండ్‌లో నల్లబల్ల మీద సుద్దముక్కతో బస్సుల వేళలు రాసింది. పక్కన హారన్లు మోగుతుంటే రాసిన రాత కాబట్టి అక్షరాలు ఒకదాన్నొకటి తరుముకుంటూ ఉంటాయి, తలకట్లు సగంలో ఎగిరిపోతాయి. ఆ గొలుసుకట్టు మీద మనసుపడి మృణాళిని దాన్ని ఫాంట్ చేసింది. మామూలు ఫాంట్‌లో ప్రతి ‘క’ ఒకేలా ఉంటుంది. ఇందులో ఏ రెండూ ఒకేలా ఉండవు. ఇంకేం, పెళ్ళికార్డులు, టిఫిన్ మెనూలు, ఓదార్పు ఉత్తరాలు, బస్‌స్టాండ్ తెరలు, అన్నీ అదే రాత. చేత్తో రాసినట్టుండాలి గానీ చెయ్యి నొప్పి పుట్టకూడదు కదా జనానికి!

గౌరీశ్వరి అక్క పైడితల్లికి శుక్రవారం పార్వతీపురం ఆస్పత్రిలో గుండె ఆపరేషన్. అమ్మ పోయినరోజు డ్యూటీ అని చెల్లెలు రాలేదని ఆరేళ్ళుగా మాటల్లేవు. ‘నీ చేత్తో తప్పయిందని రాయి, అప్పుడే గుమ్మం తొక్కు’ అని అక్క కబురంపింది. రాస్తే ఉత్తరం తిరిగొచ్చింది: ‘క్షమాపణ కూడా మిషన్‌తోనేనా?’

మృణాళిని ఉత్తరం మళ్ళీ చూసింది. “ఈ ‘క్షమించు’ ఇంత చక్కగా ఎలా రాశారు?”

“పెద్ద మాట కదమ్మా. తప్పు పోకూడదని ఎవరిదో కార్డు సూసి దిద్దుకున్నాను.”

“అంటే మీ ఫాంట్‌నే మీరు కాపీ కొట్టారు! మామూలుగా ఎలా రాస్తారు?”

గౌరీశ్వరి సిగ్గుపడింది. “చమించు అని. సిన్నప్పుడు అక్క దానికే మొట్టికాయలు యేసీది.”

“అలాగే రాయండి. ఆ తప్పు నా ఫాంట్‌కి రాదు.”

అక్కడికక్కడే టేబుల్ మీద రాయించి, ల్యాబ్ కవర్లో పెట్టి పంపింది. మీద రాసిందల్లా ఫాంట్‌కి నేర్పే టేబుల్ అదే. దాని స్విచ్ ఆపాలన్న సంగతి మాత్రం ఆ కంగారులో తోచలేదు. ఉత్తరం చేరడానికి రెండు రోజులు పట్టింది. ఫాంట్‌కి ఒక్క రాత్రి చాలింది.

గురువారం ల్యాబ్‌కి జవాబొచ్చింది.

‘అయ్యా, మా ఆస్పత్రి గోడ మీది తెరలో కూడా నిన్నటి నుంచి “చమించండి” అనే ఉంది. మా చెల్లి రాత తీసుకున్నది చాలక దాని తప్పు కూడా తీసుకున్నారా? ఆ తప్పొక్కటే నాకు దాని చేతికి గుర్తుగా ఉండేది. చెల్లినే రమ్మనండి. రాయక్కర్లేదు.’

మృణాళిని పిలిపించి చూపిస్తే, గౌరీశ్వరి చదువుతూనే బస్‌స్టాండ్‌కి పరుగెత్తింది. చెప్పు తెగినా ఆగలేదు. పార్వతీపురం ప్లాట్‌ఫాం ఖాళీగా ఉంది. పైన తెరమీద, హడావిడిగా, తలకట్లు ఎగిరిపోతూ, ఆమె రాతే ఉంది:

‘వరద వల్ల ఈరోజు బస్సు లేదు. చమించండి.’