పేరంటాలి పసుపుచీర

అన్నూరు దాటాక పత్తిచేలలో పుష్పం అవ్వవాళ్ల పాత సామాన్ల కొట్టు ఒకటుంది. పొద్దుగూకితే ఆ వైపు కుక్క కూడా పోదట. లోపల పట్టుచీర గరగరమంటుందట... మల్లెపూల వాసన కొడుతుందట.

కొట్టదా మరి! ఇంటి పేరంటాలి చీర ఆ కొట్టు బీరువాలోనే ఉంటుంది. ఎప్పుడో ముత్తైదువగా పోయిన ఆ తల్లికి ఏటా పూజలో కొత్త చీర పెడతారు. మళ్లీ పూజదాకా దాన్ని ఎవరూ తాకకూడదు. బీరువాకు తాళం లేదు. భయం చాలు.

ఆ భయం అవ్వ మనవరాలు ఇలక్కియకు మాత్రం చాల్లేదు. తన బీరువా తెరిస్తే బట్టలు మీద పడతాయి గానీ, కట్టుకోవడానికి ఒక్కటీ ఉండదు. తిరుప్పూరులో స్నేహితురాలి పెళ్లికి పేరంటాలి పసుపుచీరే ఎత్తుకుపోయింది. కట్టుకుంది, ఫొటోలు దిగింది... కొంగుమీద బీట్‌రూట్ పొరియల్ కూర ఒలకబోసుకుంది. ఎంత ఉతికినా మచ్చ పోలేదు.

తెల్లారితే పూజ. అమ్మ పదిమందిలో ఆ చీర బయటికి తీసి మడత విప్పుతుంది. నాన్నకు తెలిసిందా — కోయంబత్తూరు హాస్టలూ లేదు, కాలేజీ లేదు.

మచ్చ లోపలికి మడిచి పెట్టేస్తే తక్కినది పేరంటాలే చూసుకుంటుందనుకుని, ఆ రాత్రి ఒక్కతే వెళ్లింది.

తలుపు ఓరగా ఉంది. దానికి తెల్లగా ఏదో వేలాడుతోంది...

లోపల — గరగర.

మల్లెల వాసన.

బుడ్డిదీపం వెలుగులో, బీరువా అద్దంలో, ఒక పెళ్లికూతురు. ఎర్రపట్టు. తలనిండా పూలు. అద్దంలోని కళ్లు మెల్లగా పైకి లేచి, ఇలక్కియ మీద ఆగాయి.

"యారది? ఎవరూ?"

పసుపుచీర చేతిలోంచి జారిపోయింది. పెళ్లికూతురు ఇటు తిరిగింది.

నోట్లో పళ్లు లేవు.

పుష్పం అవ్వ! తాత పోయినప్పటినుంచి తెల్లచీర తప్ప కట్టని అవ్వ. తలుపుకు వేలాడుతున్నదీ ఆ తెల్లచీరే.

అవ్వ చూపు కిందపడ్డ చీర మీదికి, మచ్చ మీదికి పోయింది.

"నువ్వు నన్ను చూళ్లేదు, అమ్మిణీ."

"నువ్వూ నన్ను చూళ్లేదు, అవ్వా."

పొద్దున అమ్మ చీర మడత విప్పింది. మచ్చ విచ్చుకుంది. నాన్న ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ... ఇలక్కియ దగ్గర ఆగాడు.

పూజలో చేయి పెట్టకూడని అవ్వ, మూలన తెల్లచీరలో కూర్చుని, చీర ఇటు తెమ్మంది. మచ్చను వాసన చూసింది. కళ్లకద్దుకుంది.

"పేరంటాలు ఎక్కడో విందుకు పోయొచ్చిందిరా," అంది. "ఏడాదంతా బీరువాలో ఎట్లుంటుంది, పాపం... ఆడమనిషి."

అందరూ చెంపలేసుకున్నారు. ఇలక్కియ అందరికంటే గట్టిగా వేసుకుంది.

ఇప్పుడు ఆ కొట్టువైపు పట్టపగలు కూడా ఎవరూ పోరు — ఆ ఇద్దరు తప్ప.