లాగని స్ప్రింగు

"మా నాన్న జైలుకెళ్తానంటున్నాడు మేడమ్. ఆయన్ని మీరే ఆపాలి."

తెనాలిలో డిటెక్టివ్ సూర్యకుమారి ఆఫీసుకి వచ్చిన అమ్మాయి కూర్చోకుండానే ఆ మాట అంది. పేరు హుమేరా, వెల్డింగు షాపు అబ్దుల్ షుకూర్ కూతురు. అసిస్టెంటు రిబ్కా ఆ పిల్ల కళ్లు చూసి మంచినీళ్లు తెచ్చింది. సూర్యకుమారి చూపు మాత్రం ఎర్రబారిన అరచేతుల మీద ఆగింది.

"చేతులకేంటమ్మా ఆ రంగు?"

"రెడ్ ఆక్సైడండి, తుప్పు పట్టకుండా వేసే ఎర్రరంగు. వెల్డింగయిన ప్రతి ముక్కకీ ముందు అది పూసి, ఆరాకే పైన పచ్చరంగు వేస్తాం. అది లేందే నాన్న సరుకు గడప దాటనివ్వడు. తమ్ముడు చేసేవాడు ఆ పని. ఇప్పుడు నేను చేస్తున్నా."

తమ్ముడు రిజ్వాన్ పోయి వారమైంది. భట్టిప్రోలు దగ్గర నరసింహారావు రైసుమిల్లుకి కాలవ మీద షుకూర్ బిగించిన ఇనుప వంతెన కూలింది. అవతలి చివర రంగు దిద్దుతున్న రిజ్వాన్ దాని కింద పడి చనిపోయాడు. నీళ్లలో, రెండు దూలాల్ని కలిపి బిగించే ఇనుప పట్టీ, క్లాంపు, విరిగి దొరికితే, వెల్డింగు ఊడిందన్నారు పోలీసులు. ఆ ముక్క కేసి చూడనైనా చూడకుండా, నా చేతిపనే నా కొడుకుని చంపిందని షుకూర్ ఒప్పేసుకున్నాడు.

"ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదండి. చంపినోడికి ఏడ్చే హక్కేంటంటాడు," అంది హుమేరా.

సూర్యకుమారి ఇంకేం అడగకుండా సంచి అందుకుంది.

కాలవ మీద పాత వంతెన దూలాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి మీద రబ్బరు ముక్కలు పెట్టి, ఆపైన కొత్త దూలాలు పరిచారట. ఆ కొత్తవి మిల్లు గట్టు వైపు కొంత ముందుకు పొడుచుకొచ్చి ఉండేవి. కూలి గట్టున పడున్న వాటి అతుకులన్నీ సూర్యకుమారి ఒక్కొక్కటే తడిమి చూసింది.

"ఆవేళ బస్తాలు ఎక్కడ పెట్టారండి?"

"ఆ పొడుచుకొచ్చిన చివరమ్మా, లారీకి దగ్గరని. పెట్టుకోవచ్చని ఇంజనీరు గారే చెప్పారు. నా తప్పేం లేదు," అన్నాడు నరసింహారావు, ఎవరూ అడక్కుండానే. అతను చూపించిన డ్రాయింగులో రబ్బరు ముక్కలు తప్ప క్లాంపులు లేవు.

రేపల్లె పోలీసు స్టేషన్లో ఆ విరిగిన క్లాంపును సూర్యకుమారి తాళంచెవితో గీకింది. పచ్చరంగు లేచిపోయి, కింద ఇనుము తళతళలాడింది. రిబ్కాకి అర్థం కాలేదు. మేడమ్ నవ్వలేదు కాబట్టి, ఏదో పెద్ద విషయమేననుకుంది.

ఆ డ్రాయింగు గీసిన ఇంజనీరు భరద్వాజ ఆఫీసు బాపట్లలో. కంప్యూటరు ముందు కూర్చుంటే తనంతవాడు లేడనుకునే మనిషి. గోడ మీద ఆ వంతెన బొమ్మే రంగుల్లో పెద్దదిగా అచ్చేసి పెట్టుకున్నాడు.

"బరువుకి పై దూలమూ వంగుతుంది, కింది దూలమూ వంగుతుంది మేడమ్. మధ్యలో రబ్బరుంది కదా, దాన్ని లెక్కలో స్ప్రింగుగా పెడతాం. వంపు కంటికి ఆనాలని బొమ్మలో పెద్దది చేసి చూపిస్తాం."

బొమ్మలో బస్తాలున్న చివర కిందికి వాలింది. రెండో చివర పైకి లేచింది. దాంతోపాటే కింది దూలమూ పైకి వంగింది.

"క్లాంపు డ్రాయింగులో లేదేం బాబూ?"

"షుకూర్‌కి ఫోన్లో చెప్పానండి. వేశాడు, విరిగింది," అని భరద్వాజ గడియారం చూసుకున్నాడు.

మర్నాడు ఎస్సైగారి ఎదుట అందరూ కూర్చున్నారు. షుకూర్ తల ఎత్తలేదు. సూర్యకుమారి బల్ల మీద ఒక స్కేలు పెట్టి, దాని మీద రెండు రబ్బరు ముక్కలు, ఆపైన ఇంకో స్కేలు పెట్టింది. పై స్కేలు చివరను బల్ల అంచు దాటేలా జరిపి వేలితో నొక్కింది. రెండో చివర గాల్లోకి లేచింది. దాని కింది రబ్బరు ముక్క మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

"రబ్బరు నొక్కితే ఆపుతుంది, లేస్తే పట్టుకోదు. భరద్వాజ గారి కంప్యూటర్లో స్ప్రింగు మాత్రం రెండు పనులూ చేసింది. అందుకే బొమ్మలో పై దూలం లేస్తూ కింది దూలాన్నీ లాగింది. నిజం వంతెనకి ఆ చివర పట్టుకునేది ఏదీ లేదు. బస్తాలు పెట్టగానే లేచి, పక్కకి జారింది."

"మరి క్లాంపు?" అన్నాడు ఎస్సై.

"చేతులు కాలాక పట్టుకున్న ఆకండీ అది. షుకూర్ గారి షాపులో ఎర్రరంగు పూయకుండా పచ్చరంగు వేయరు. దీని కింద ఎరుపే లేదు. సరిగ్గా ఆ చివర పట్టు ఉండాలని తెలిసింది ఆ లెక్క కట్టిన మనిషికే. ఎక్కడ చేయించావు బాబూ?"

భరద్వాజ ముఖం పాలిపోయింది. "బాపట్లలోనే చేయించి, విరగ్గొట్టి కాలవలో పడేశానండి. కూలిన రోజే తప్పు తెలిసింది... చెప్పడానికి నోరు రాలేదు."

"ఆ పెద్దాయన అది తన తప్పనుకుంటుంటే చూస్తూ ఊరుకోడానికి మనసెలా వచ్చింది?" అంది రిబ్కా, కోపం ఆపుకోలేక.

షుకూర్ మెల్లగా తల ఎత్తాడు. "అయితే నా వెల్డింగు ఊడలేదా అమ్మా?"

"ఒక్కటీ ఊడలేదండి. అన్నీ నేను చూశాను."

ఆయన కూతురి చేతులు రెండూ దగ్గరికి తీసుకుని, ఆ ఎర్రని అరచేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. "రిజ్వాన్," అన్నాడు. కొడుకు పోయాక ఆయన ఏడవడం అదే మొదలు.