సుబ్బక్క శుక్రవారం

“ఏం పాపా, నెట్ సెంటర్ యాడుండాది?”

ఆ మాట వినగానే సుచరితకు ఒళ్లు మండింది. పొద్దుటి నుంచి అలా అడిగినవాళ్లలో సుబ్బక్క నాలుగో మనిషి.

రాయచోటి బస్టాండు ఎదుట సుచరిత నాన్న కేశవయ్య ఎస్టీడీ బూత్ నడుపుతాడు. నిరుడు వరకు శుక్రవారం వస్తే, కువైట్‌కు ఫోన్ చేసేవాళ్లు రోడ్డు దాకా నిలబడేవారు. ఇప్పుడు అవతలి పక్క నెట్ సెంటర్ వచ్చింది. కంప్యూటర్‌లో మనిషి ముఖం కూడా కనిపిస్తుందని అందరూ అక్కడికే పోతున్నారు.

సుబ్బక్కకు బోర్డు చదవడం రాదు. ఆమె కూతురు అరుణజ్యోతి కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తోంది. ఆ ముఖం చూసి రెండేళ్లయింది. ఇవాళ ఒక గంట సెలవు దొరికిందట. పదకొండున్నరకు కంప్యూటర్ ముందు కూర్చుంటుందట.

నాన్న టీ తాగడానికి వెళ్లాడు. సుచరిత తల ఎత్తలేదు.

“ఈ పొద్దు ఆడ కరెంటు లేదవ్వా. మూసేసినారు. ఫోన్ చేసుకో.”

అరుణజ్యోతి పనిచేసే ఇంట్లో ఫోన్ మోగింది కానీ, ఎవరూ ఎత్తలేదు. సుబ్బక్క కాసేపు చూసి, బస్సెక్కి ఊరికి వెళ్లిపోయింది.

సాయంత్రం కువైట్ నుంచి బూత్‌కే ఫోన్ వచ్చింది. కేశవయ్య ఎత్తాడు. అరుణజ్యోతి ఏడుపు సుచరితకూ వినిపించింది.

“గంటసేపు కూచున్నానన్నా. మాయమ్మ రాలే. బతికుండాదా?”

కేశవయ్య కూతురి వైపు చూశాడు. సుచరిత జరిగింది చెప్పింది. సుబ్బక్క క్షేమమేనని ఆయన ఫోన్‌లో చెప్పి, క్షమించమన్నాడు. మళ్లీ సెలవు నెల తర్వాతేనని తెలిసింది.

ఫోన్ పెట్టి ఆయన కూతురి వైపు తిరిగాడు. “గిరాకీ పోయిందని నాకూ కోపముండాది. దానికి ఆయమ్మ ఏం చేసింది?”

“వాళ్లంతా ఆడికి పోయి మన అంగడి మూయిస్తాండారు కదా నాయనా.”

“మూసుకుంటా. అబద్ధం చెప్పి తెరిచిపెట్టుకోను.”

అరుణజ్యోతి ఫోన్‌లో ఏడ్చిందనీ, ఆమెకు మళ్లీ సెలవు ఫలానా శుక్రవారమనీ కేశవయ్య సుబ్బక్క ఊరికి కబురంపాడు. మిగతాది నువ్వే చెప్పుకోమని సుచరితతో అన్నాడు.

ఆ శుక్రవారం సుచరిత బస్సు దగ్గరే నిలబడింది.

“ఆ పొద్దు కరెంటు ఉండె అవ్వా. నేనే అబద్ధం చెప్పినా.”

సుబ్బక్క ముఖం గట్టిపడింది. “నేను సచ్చిపోయినానని నా బిడ్డ ఏడ్చినాది. తెల్సునా నీకు?”

సుచరిత పట్టుకోబోయిన చేతిని ఆమె విదిలించేసింది. సుచరిత రెండడుగులు ముందు నడిచి రోడ్డు దాటించింది. తాను ఎన్నడూ తొక్కని ఆ నెట్ సెంటర్ గడప చూడగానే సుచరితకు కోపం మళ్లీ పొంగింది. అయినా అద్దాల తలుపు తోసి పట్టుకుంది. కెమెరా ఉన్న కంప్యూటర్ అడిగింది. కుర్చీ లాగి, సుబ్బక్క చెవులకు హెడ్‌ఫోన్ సరిచేసింది.

సుబ్బక్క తెర వైపే చూస్తూ కూర్చుంది.

తెర మీద ముఖం కదిలింది. “జ్యోతీ,” అంది సుబ్బక్క.

సుచరిత బయటికి వచ్చి, తలుపు చప్పుడు కాకుండా మూసింది.