పన్నెండో మనిషి

"మీ అయోవాలో రోడ్లకి అంచులుండవా?" అని అరిచింది ఆ పిల్ల, కిటికీలోంచి తల బయటికి పెట్టి. కారు ముందు భాగమంతా మా పొలం పక్క మంచులో కూరుకుపోయి ఉంది.

"ఉంటాయండీ. మీరు కూర్చున్నది ఆ అంచు మీదే," అన్నాను ట్రాక్టర్ దిగుతూ.

గొలుసు కట్టి లాగాను. మహాతల్లి థాంక్స్ కూడా చెప్పలేదు, చేతిలో ఓ కరపత్రం పెట్టింది. పేరు మార్గో పెల్కీ. ఊరు న్యూ హాంప్‌షైర్‌లో. అధ్యక్ష పదవికి పార్టీ టికెట్ కోసం పోటీపడుతున్న సెనేటర్ హార్‌గ్రోవ్ తరఫున మా వార్డులో మనుషుల్ని కూడగట్టడానికి వచ్చిందట. ఆ హార్‌గ్రోవ్ ఎవరో మా ఊళ్లో నలుగురికి కూడా తెలీదు.

మర్నాడు కేఫ్‌లో మళ్లీ కనిపించింది. నేను కారంగా ఉండే బీన్స్, మాంసం కూర చిల్లీలో దాల్చినచెక్క రోల్ ముంచుకుని తింటుంటే వింతగా చూసింది.

"ఛీ, కారంలో తీపా?"

"తిని చెప్పండి."

తింది. ఇంకోటి తెప్పించుకుంది. ఆ రోజే నా పని అయిపోయింది.

రెండు వారాల్లో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. నా పికప్‌లోనే ఊరంతా తిప్పాను. ఎంత తిరిగినా అభ్యర్థిని ఎంచుకునే మా కాకస్ పద్ధతి మాత్రం ఆమెకి మింగుడుపడలేదు.

"ఇంకోసారి చెప్పు వెండెల్. ఏడింటికి స్కూలు జిమ్‌లో అందరూ చేరతారు..."

"ఒక్కో నాయకుడికి ఒక్కో మూల. నీ నాయకుడి మూలకెళ్లి నిలబడతావు. తలలు లెక్కపెడతారు. నూటికి పదిహేను మంది లేకపోతే ఆ మూల ఎత్తేసినట్టే. అప్పుడు వాళ్లు వేరే మూలకి పోవాలి, లేదా బతిమాలి మనుషుల్ని లాక్కోవాలి."

"ఇదంతా ఊరు చూస్తుండగానా? మా ప్రైమరీ ఎన్నికే నయం బాబూ. పొద్దున్నించీ ఎప్పుడైనా వెళ్లొచ్చు. తెర వెనక గీసి వచ్చేస్తాం. ఎవరికి వేశావో మొగుడిక్కూడా తెలీదు."

"ఉన్నాడా?"

"ఎవరు?"

"మొగుడు."

"లేడు."

"హమ్మయ్య."

పగలబడి నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

కాకస్ ముందురోజు లిస్టు తీసింది. "ఎనభై మంది వస్తారు. నాకు పన్నెండు మంది కావాలి. పదకొండు మంది ఖాయం. పన్నెండోవాడివి నువ్వు."

"హార్‌గ్రోవ్ కోసమా?"

"నా కోసం. అక్కడ నేను నిలబడకూడదు, బయటిదాన్ని. నా బదులు నువ్వు నిలబడు. ఆ తర్వాత నన్ను ఇక్కడే ఉండమని అడుగు. ఉంటాను."

నిలబడతానని మాటిచ్చాను. ఆమె ఇచ్చిన మద్దతు కార్డు మీద సంతకం కూడా పెట్టాను.

అమ్మానాన్నా పోయాక నన్ను పెంచింది ఆర్లిన్ మావయ్య. ఆయన పందుల ఫారంలోనే నా పని. ఇరవై ఏళ్లుగా మా వార్డు కాకస్‌కి ఆయన మాటే మాట. మర్నాడు సాయంత్రం జిమ్‌లో, పోటీలో ఉన్న గవర్నర్ గారి మూలలో, యాభై మంది మధ్య కూర్చుని ఉన్నాడు. పక్కన ఖాళీ కుర్చీ.

"ఒరేయ్ వెండెల్, నీకు కుర్చీ పట్టానురా!"

జిమ్ అంతా నా వైపు తిరిగింది. నేను కాఫీ బల్ల దగ్గరే ఆగిపోయాను. అవతలి గోడకి ఆనుకుని మార్గో. ఆమె ముందు పదకొండు మంది.

లెక్కపెట్టారు. మొత్తం ఎనభై. హార్‌గ్రోవ్ మూలలో పదకొండే.

"ఐదు నిమిషాలు టైము!" అన్నాడు లెక్కపెట్టినాయన.

మార్గో పిలవలేదు. చూసింది, అంతే. ఆమె దగ్గరికి సగం బాస్కెట్‌బాల్ కోర్టు దూరం. రేపు ఫారంలో మావయ్య మొహం ఎలా చూడాలి, ఊళ్లో వాళ్లు ఏమనుకుంటారు? కాళ్లు కదిలాయి. మావయ్య పక్కన కుర్చీలో కూర్చున్నాను.

ఆ పదకొండు మందీ తలోదిక్కూ చెదిరిపోయారు.

బయట పార్కింగ్‌లో మార్గో కారు మీద మంచు గీకుతోంది.

"మార్గో, నా మాట విను. మనసులో నేను నీ వైపే..."

"మా ఊళ్లో అయితే తెర వెనకనుంచి వచ్చి నీకే వేశానని చెప్పేవాడివి. నేనూ నమ్మి పెళ్లి చేసుకునేదాన్ని." గీకుడు ఆపలేదు. "మీ పద్ధతే మంచిది వెండెల్. ఇప్పుడర్థమైంది."

వెళ్లిపోయింది. తర్వాత నేను రాసిన ఉత్తరాలన్నీ తిరిగొచ్చాయి.

ఆ రాత్రి ఇంటికెళ్తుంటే మావయ్య అన్నాడు, "అదేంట్రా, ఆ పిల్ల వైపు వెళ్తావనుకున్నానే?"

"వెళ్తే నువ్వు ఊరుకునేవాడివా?"

"ఏడిశావ్! మీ అత్త ఒకసారి నాకు ఎదురుమూలలో నిలబడింది. ఆ రాత్రీ అన్నం పెట్టింది. వెళ్తే నేనేమంటానురా?"

ఇప్పుడు మా పార్టీ వాళ్లు మూలల్లో నిలబెట్టడం మానేసి, ఓటు కాగితం పోస్టులో పంపిస్తున్నారు. వంటింటి బల్ల దగ్గర ఒక్కణ్నే కూర్చుని, నాకు నచ్చిన పేరు పక్కన గీత పెడతాను. ఎవరూ చూడరు. చెయ్యి అస్సలు వణకదు.