కుడి కొసన అరుగుదల

"దమ్ము ట్రాక్టర్‌కి రబ్బరు పట్టీ ఉందాండీ?"

"ఇరవై ఎం.ఎం. మాత్రమే ఉందండీ," అన్నాడు గంగరాజు.

కోడ్ సరిపోయింది. ఫోన్లో చీఫ్ గొంతు మారింది.

"ఏజెంట్ నైన్! పదకొండున్నరకి మీ మండపేట శివారు ఎయిర్‌స్ట్రిప్‌లో ఒక విమానం దిగుతుంది. లోపల ఆరుగురు క్షిపణి శాస్త్రవేత్తలు. రేడియో సైలెన్స్, వెనక్కి పిలవలేం. రన్‌వే మీద మాంబా ముఠా బాంబు పెడుతుందని కబురు. బాంబు స్క్వాడ్ అంగుళం అంగుళం వెతికింది. ఏమీ లేదు."

"స్క్వాడ్ వెళ్ళాక రన్‌వే ఎక్కేది ఎవరు సార్?"

"బ్లేడుతో వాననీళ్ళు తోసే ట్రాక్టర్. చూడు."

లైన్ కట్టయింది. టైము పది నలభై.

నాలుగేళ్ళుగా అతను గంగరాజు. నాగళ్ళకీ, నేల చదును చేసే బ్లేడ్లకీ వేసే రబ్బరు సామాన్ల కొట్టు అతని వేషం. అసలు పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఇప్పుడు తనే తిరిగి చూడడేమో!

వారంలో ఒక్క గంట మాత్రం అతనికి మాట్లాడే మనిషి ఉండేది. రెండేళ్ళుగా ప్రతి గురువారం రమ్యశ్రీ వచ్చేది. పైకి రబ్బరు కంపెనీ సేల్స్ ఆఫీసర్. లోపల, మాంబా ముఠాలో మన ఏజెంట్. రహస్యాలు ఐదు నిమిషాల్లో అయిపోయేవి. మిగతా గంటంతా టీ, కబుర్లు.

ఇవాళ గురువారమే. కారు ఆగింది. నల్ల కళ్ళద్దాలు, గంధం రంగు చీర, రబ్బరు వాసనని కూడా ఓడించే సెంటు.

"టీ చెప్పలేదేంటండీ?"

గంగరాజు రెండు టీలు తెప్పించి, ట్రాక్టర్ సంగతి చెప్పాడు. ఆమె నవ్వి, డిక్కీలోంచి బ్లేడు అంచుకి వేసే నల్లటి రబ్బరు పట్టీ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"దీని లోపల బిళ్ళ బాంబులు పెట్టారు. రబ్బరు అరిగేకొద్దీ రన్‌వే మీద రాలతాయి, విమానం చక్రం ఎక్కితే పేలతాయి. నాలుగు రోజులు తోసింది. నిన్న నేనే ఊడదీయించి, బిళ్ళలు తీయించి, ట్రాక్టర్‌కి మంచిది వేయించాను. మీరు స్థిమితంగా టీ తాగండి."

నమ్మాలని ఉంది అతనికి. పట్టీ అంచు మీద వేలు నడిపాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా అరుగుదల ఒకేలా ఉంది.

వేలు ఆగింది.

ఆ రన్‌వే ట్రాక్టర్ డ్రైవర్ బుల్లియ్య నలభై ఏళ్ళు వరిమళ్ళల్లో దమ్ము చేసినవాడు. ఈ చుట్టుపక్కల డ్రైవర్లందరిలాగే ఎడమకే తిప్పుతాడు. అలా తిరిగేటప్పుడు బయటివైపు కొస ఎక్కువ దూరం ఈడ్చుకుంటుంది. అతను తెచ్చిచ్చిన ప్రతి పట్టీకీ ముందు కుడి కొసే అరిగిపోయేది.

"ఇది ట్రాక్టర్ ఎక్కలేదు రమ్యా. గ్రైండర్‌తో అరగదీశారు. అసలుది ఇంకా బుల్లియ్యగారి బ్లేడుకే ఉంది."

ఆమె నవ్వు చెరగలేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ వచ్చింది.

"ఒంటరివాళ్ళు తొందరగా నమ్ముతారని మావాళ్ళు చెప్పారండీ."

"రెండేళ్ళు నమ్మాను."

బల్ల మీది గ్రీజు గన్ నొక్కాడు. అందులో ఉన్నది గ్రీజు కాదు. మత్తు సూది తగిలిన రమ్యశ్రీ, తను ఎప్పుడూ కూర్చునే స్టూల్ మీదకే ఒరిగింది. పిస్టల్ లాక్కుని, షట్టర్ దించి బైకెక్కాడు. బుల్లియ్యకి ఫోన్ చేద్దామంటే, ఎయిర్‌స్ట్రిప్ గేటు దగ్గరే అందరి ఫోన్లూ తీసేసుకుంటారు. వెళ్ళడం తప్ప దారి లేదు.

పదకొండు ఇరవై ఆరు. రన్‌వే నడుమ ట్రాక్టర్.

"బ్లేడు ఎత్తండి బుల్లియ్యగారూ!"

"ఒక్క రౌండే ఉందండీ! అయిపోద్ది!"

"మీకు దణ్ణం పెడతాను, ఎత్తండి!"

బ్లేడు లేచింది. కుడి కొసన వెండి బిళ్ళ ఒకటి రబ్బరులోంచి సగం జారి వేలాడుతోంది. మిగతావి ఇంకా లోపలే ఉన్నాయి. గంగరాజు దాని కింద అరచెయ్యి పట్టాడు. ట్రాక్టర్ అంగుళం అంగుళం గడ్డిలోకి దిగింది. పక్కనే అతను వంగి నడిచాడు. చివరి చక్రం రన్‌వే దాటుతుండగా నెత్తిమీద హోరు. విమానం దిగింది. నీళ్ళు ఎగజిమ్మి ఇద్దరినీ తడిపేశాయి.

బుల్లియ్య ముఖం తుడుచుకున్నాడు. "కొత్త పట్టీ మీరే ఇవ్వాలండీ. గ్యారంటీ ఉంటదా?"

"ఏడాది," అన్నాడు గంగరాజు.

మధ్యాహ్నానికి రమ్యశ్రీని తీసుకెళ్ళారు. కొట్టులో రెండు గ్లాసుల టీ చల్లారిపోయి ఉంది. ఒకటి తాగి, కాసేపాగి రెండోదీ తాగాడు. ఫోన్ మోగింది.

"వెల్‌డన్. సర్దుకుని వచ్చెయ్. అక్కడ నీ అవసరం ఉన్నవాళ్ళు ఎవరూ లేరుగా?" అన్నాడు చీఫ్.

"ఒకాయన ఉన్నారు సార్. గ్యారంటీ అయ్యేదాకా."