సరే శంకర్ ఆఖరి రివ్యూ

మెట్ల మీద ముందు మల్లెపూల వాసన వచ్చింది. ఆ తర్వాత పట్టుచీరలో చిలకమ్మ, ఆమె వెనక అరటిపళ్ళు పట్టుకుని తమ్ముడు సన్యాసిరాజు, అందరికంటే వెనక వానలో తడిసి ముద్దయిన ఆమె కొడుకు సాయిశంకర్ వచ్చారు.

ధనశ్రీ కుర్చీలోంచి లేచింది. మద్దిలపాలెం బస్ డిపో ఎదురుగా మేడ మీద ఆమె లైఫ్ కోచింగ్ సెంటర్ పెట్టాక, ప్రోగ్రెస్ రివ్యూకి పూలూ పళ్ళూ తెచ్చినవాళ్ళు వీళ్ళే. 2007లో విశాఖకి లైఫ్ కోచింగంటేనే కొత్త. ఎంసెట్ కోచింగనుకుని వచ్చి, బోర్డు మళ్ళీ చదువుకుని దిగిపోయేవాళ్ళే ఎక్కువ.

సాయిశంకర్ మాత్రం దిగిపోలేదు. పోర్టులో క్రేన్ ఆపరేటర్. అంత పెద్ద క్రేన్‌ను అలవోకగా తిప్పేవాడికి "వద్దు" అనడానికి మాత్రం నోరు తిరగదు. ఎవరేమడిగినా "సరే". అలా అనే ఎవరెవరివో నైట్ షిఫ్టులు చేశాడు, ఎవరిదో స్టార్టవని స్కూటర్ కొన్నాడు. పోర్టులో అతని పేరే సరే శంకర్.

"ఎందుకొచ్చారు?" అని ధనశ్రీ మొదటిరోజు అడిగింది.

"మా ఫ్రెండు ఎల్లమన్నాడండి. సరే అన్నాను."

ఆమెకు నవ్వాగలేదు. "ఇవాళ్టి నుంచి ఆ మాట ఈ గదిలో నిషేధం. కావాలో వద్దో చెప్పండి, ఇష్టమో కాదో చెప్పండి. సరే అన్నారంటే మెట్లన్నీ దిగి మళ్ళీ ఎక్కి రావాలి."

పాపం, మొదటి నెలంతా మెట్లే ఎక్కాడు. తర్వాత మెల్లగా దారిలో పడ్డాడు. ఓ రోజు షిఫ్టు మార్చుకోనని చెప్పొచ్చాడు. ఇంకో రోజు ఆమె ఇచ్చిన టీ తాగి, "పంచదార తక్కువైందండి" అన్నాడు. ధనశ్రీ చప్పట్లు కొట్టి, లేచెళ్ళి ఇంకో చెంచా వేసుకొచ్చింది. ఆ తర్వాత ప్రతిసారీ అదే వరస. అతను తక్కువైందనడం, ఆమె లేచి వెళ్ళడం.

అది కోచింగులో భాగం కాదని ధనశ్రీకి తెలుసు. క్లయింటు మీద మనసు పడకూడదు. పోనీ క్లయింటు కాకపోతే, అతనిక ఈ మేడెక్కడు. అందుకే ఆఖరి రివ్యూని ఓసారి జలుబని, ఓసారి చుట్టాలొచ్చారని వాయిదా వేస్తూ వచ్చింది.

ఆ రివ్యూకి ఇంట్లోవాళ్ళు రావాలన్నది ఆమె పద్ధతి. మారానని క్లయింటు చెప్పుకుంటే చాలదు, ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి.

"కూర్చోండమ్మా. మీవాడిలో ఏం మార్పు చూశారు?"

"మార్పేటమ్మా, మావోడు బంగారం! మందు లేదు, సిగరెట్టు లేదు. పెందుర్తిలో సొంతిల్లు. నీకు అత్త పోరన్నదుండదు."

ధనశ్రీ చేతిలో పెన్ను ఆగింది. "నాకా?"

"పిల్ల బాగుందప్పా" అన్నాడు సన్యాసిరాజు అక్కతో, పళ్ళు టేబుల్ మీద పెడుతూ. "వంటొచ్చేటమ్మా?"

సాయిశంకర్ మొహంలో నెత్తురుచుక్క లేదు. "అమ్మా! ఏటిది?"

"ఏటంటావేట్రా! మేడం నీతో మాటాడతాదట, మంచి సీర కట్టుకుని రమ్మన్నావు. పిల్ల బాగుంటాదేట్రా అంటే బాగుంటాదన్నావు. అయితే పెళ్ళిసూపులే, మావయ్యనీ తెత్తన్నానంటే సరే అన్నావు!"

"నువ్వు పోన్ సేసినప్పుడు డ్యూటీలో ఉన్నానమ్మా! అలవాటుగా అనీసినాను."

"ఆఫీసులో పెళ్ళిసూపులేటని నాను అడుగుతూనే ఉన్నాను" అని సన్యాసిరాజు గొణిగాడు. "సిటీ పిల్లలు ఇలాగే సేత్తారంది మా అప్ప."

చిలకమ్మ మొహం చిన్నబోయింది. పిల్ల కోసం తెచ్చిన మల్లెదండని మెల్లగా మళ్ళీ ఆకులో చుట్టేసింది. "తప్పయిపోయింది తల్లీ, ఏటనుకోకు. లెగరా శంకరా, ఎల్దాం."

కిటికీ మీద వాన దడదడ కొడుతోంది. ధనశ్రీకి అతన్ని వెళ్ళనివ్వాలని లేదు. గొంతు మాత్రం కోచ్ గొంతే.

"సాయిశంకర్ గారూ, అమ్మగారు వెళ్దామంటున్నారు. మీరేమంటారు?"

అతని నోటిదాకా పాత మాటే వచ్చింది. మింగేశాడు.

"వద్దు. ఎల్లొద్దమ్మా, కూకో." ఆమె వైపు తిరిగాడు. "మేడం, నాను పెళ్ళిసూపులని పిలవలేదు. అలాగనుకోడానికి నా సరేయే కారణం, తప్పు నాదే. గానీ మీరంటే నాకిష్టం. టీలో పంచదార ఏనాడూ తక్కువవలేదండి. మీరింకోసారి దగ్గరకొత్తారని అలాగన్నాను. మీకిష్టం లేకపోతే లేదని సెప్పీండి. ఆ మాట అనడం మీరే నేర్పారు, వినడం కూడా నేర్సుకున్నాను."

ఇంత పొడుగు మాట అతని నోట కన్నతల్లి కూడా ఎప్పుడూ వినలేదు. సన్యాసిరాజు నోరు తెరిచాడు.

ధనశ్రీ ఫైలు మూసేసింది. "మీ కోర్సు పూర్తయింది. ఇక మీరు నా క్లయింటు కారు."

"అర్థమైందండి" అని అతను లేచాడు.

"ఏమర్థమైంది? క్లయింటు కారన్నాను గానీ వెళ్ళిపొమ్మన్నానా?"

చిలకమ్మకు ప్రాణం లేచొచ్చింది. గబగబా ఆకు విప్పింది. "అయితే ఈ పూలెట్టుకుంటావేటమ్మా?"

ఊరందరికీ మాటలు నేర్పే ధనశ్రీ తల వంచుకుని "సరే" అంది.

"మేడం," అన్నాడు సాయిశంకర్, నవ్వు ఆపుకుంటూ. "ఆ మాట ఇక్కడ నిషేధం. మెట్లు దిగి ఎక్కి రావాల."

"ఒక్కదాన్నే దిగను. మీరూ రండి."

ఇద్దరూ దిగారు. ఆఖరి మెట్టు మీద వాన జల్లు కొడుతోంది. జడలో పూలు తడుస్తున్నా ధనశ్రీ పట్టించుకోలేదు. అతని కళ్ళలోకి చూసి, "నాకు మీరంటే చాలా ఇష్టం" అని స్పష్టంగా, పూర్తిగా చెప్పింది. "మా నాన్నగారు ఉక్కునగరంలో ఉంటారు. ఆదివారం అందరూ రండి. ఈసారి నిజంగా పెళ్ళిచూపులకే."

పైనుంచి సన్యాసిరాజు కేకేశాడు. "ఆదివారానికి ఈ పళ్ళు మగ్గిపోతాయి గదా, తినీమంటారేటి?"

"తినీండి మావయ్యా!" అని అరిచి, సాయిశంకర్ ఆమె వైపు చూశాడు. "మెట్లు దిగిపోయాం కదండీ. ఇక్కడ నిషేధం లేదు కదా?"

"లేదు."

"అయితే సరే."