లాలకో కోడ్

బొడ్డుతాడు క్లిప్పు తీయడం. అవయవం: నాభి. చేసేది: యంత్రహస్తం, చిన్నది. పనిముట్టు: మొద్దుమొన కత్తెర. నిమిషాలు: రెండు. ముగింపు: క్లిప్పు ట్రేలో పడినప్పుడు. గడులన్నీ నిండగానే, కోడ్లు సరిచూసే యంత్రం నిర్దేశి సరేనంది. సుభాషిణి ఒళ్ళు విరుచుకుంది. నలభై ఒక్క కోడ్లకు నలభై అయిపోయాయి, పొద్దున్న పదకొండైనా కాలేదు. ఒక్కటే మిగిలింది కదా, అదయ్యాక తీరిగ్గా టీ తాగొచ్చనుకుంది. అనుకోవడానికేం, ఎన్నయినా అనుకుంటాం.

సాయంత్రం ఐదింటికి క్రియాపట్టిక మూతపడుతుంది. మళ్ళీ తెరుచుకునేది ఏడాదికే. ఈలోగా పట్టికలో కోడ్ లేని పని ఆ ఆరోగ్య మండలంలోని మూడు వందల పన్నెండు ఆసుపత్రుల్లో ఎక్కడా జరగదు. చేయకూడదని ఎవరూ అనరు. కుళాయి విప్పుకోదు, తలుపు తెరుచుకోదు, అంతే. బిల్లుల్లోంచి రూపాయలు పోయి నిమిషాలొచ్చి ముప్ఫై ఏళ్లయినా కోడ్లు రాసే ఈ పనిని అందరూ ఇంకా బిల్లింగనే అంటారు. అలవాటైన నోరు ఊరుకుంటుందా మరి.

నలభై ఒకటోది తెరవగానే తెర ఎర్రబడింది. మూడో వార్డు మీద అభ్యంతరం. ఏడాదిగా అక్కడ ప్రతి శిశువుకూ రోజూ లాలాజల పరీక్ష చేస్తున్నారు. ఒక్క నమూనా అయినా ప్రయోగశాలకు చేరలేదు. పైగా ఒక్కో పరీక్షకు పన్నెండు లీటర్ల వేడినీళ్ళు, గుప్పెడు సున్నిపిండి ఖర్చవుతున్నాయి. కోడ్ రద్దు చేయాలా, సంజాయిషీ ఇస్తారా అని నిర్దేశి అడిగింది.

పసిపిల్ల నోట్లోంచి చుక్క ఉమ్మి తీయడానికి సున్నిపిండి ఎందుకో సుభాషిణి ఎంత బుర్ర గోక్కున్నా తట్టలేదు. ఇలాంటివి కుర్చీలో కూర్చుంటే తేలవని లేచి మూడో వార్డుకు నడిచింది.

వార్డు వెనక గదిలో ఆయా లెంక పైడమ్మ పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోసుకుని, కాళ్ళు బారచాపి ఉంది. ఆ కాళ్ళ మీద బోర్లా ఓ పసిగుడ్డు. పైడమ్మ ఎడమచేత్తో పిల్ల వీపు రుద్దుతూ కుడిచేత్తో చెంబుడు చెంబుడు నీళ్ళు పోస్తోంది. గదంతా సున్నిపిండి వాసన.

ఏం చేస్తున్నావు పిన్నీ అని సుభాషిణి అడిగింది.

"కనపడ్నేదేటమ్మా. గుంటకి లాల పోస్తన్నాను."

సుభాషిణి ద్వారబంధం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళొచ్చాయి. నిరుడు వార్డు నర్సు పని జాబితాను నోటితో చెప్పినప్పుడు 'లాల పోయడం' అని ఉంటుంది. పాపం నిర్దేశికి ఎత్తుకుని పెంచినవాళ్ళెవరున్నారు? నిఘంటువు తిరగేసింది. లాల అంటే చొంగ అని అందులో ఉంది. ఇంకేం, లాలాజల పరీక్ష అని రాసేసుకుంది. ఏడాది పొడుగునా పైడమ్మ పిల్లలకు నీళ్ళు పోసినప్పుడల్లా బిల్లులో ఉమ్మి పడుతూ వచ్చింది.

సంగతి చెబితే పైడమ్మా నవ్వింది. ఆ నవ్వుకు కాళ్ళు కదిలి పిల్ల ఉలిక్కిపడింది. నవ్వులయ్యాక అసలు చిక్కు సుభాషిణికి బోధపడింది. ఆ తప్పుడు కోడ్ రద్దు చేస్తే పైడమ్మకు వార్డులో పనే ఉండదు. ఐదింటి తర్వాత ఆ గది తలుపు ఆమెకు తెరుచుకోదు. పిల్లలకు యంత్రహస్తమే స్నానం చేయిస్తుంది, నాలుగు నిమిషాల్లో.

ఆ పిల్ల తల్లి ఝాన్సీ పదిహేడో మంచం మీదినుంచి అంతా వింటోంది. పిల్ల నెల తక్కువ పుట్టి ఇరవై రోజులుగా ఆసుపత్రిలోనే ఉంది. మొదటి వారం వేరే వార్డులో యంత్రం నీళ్ళు పోసినన్నాళ్ళూ గుక్కపట్టి ఏడ్చేది, నిద్ర లేదు, పాలు తాగేది కాదు. పైడమ్మ కాళ్ళ మీదికి వచ్చాకే మూడేసి గంటలు పడుకుంటోంది, లేచి ఆవురావురుమని తాగుతోంది. ఇదంతా చెప్పి ఝాన్సీ, ఇది కూడా ఆపేస్తారా మేడమ్ అని అడిగింది. సుభాషిణి వెళ్ళి, నిర్దేశితో మాట్లాడే పలక తెచ్చుకుని పైడమ్మ పక్కనే ఇంకో పీట వేసుకుని కూర్చుంది.

పేరు: లాల. మూడు క్షణాల్లో తిరస్కారం వచ్చింది. శిశుశుద్ధి అని ఇప్పటికే ఓ కోడ్ ఉందట, ఒకే పనికి రెండు కోడ్లుండవట. పనిముట్టు వేరని సుభాషిణి వాదించింది. ఏం పనిముట్టు? తొమ్మిది వేల పనిముట్ల జాబితాలో వెతికితే అది లేదు. కొత్తది చేర్చింది: కాళ్ళు, జత ఒకటి. నిర్దేశి ప్రశ్నలు కురిపించింది. తయారైన సంవత్సరం? ఎన్నాళ్ళకోసారి మరమ్మతు? ఎంత బరువు మోయగలవు?

సుభాషిణి చదివి వినిపిస్తుంటే పైడమ్మ ఓపిగ్గా చెప్పుకొచ్చింది. అరవై మూడేళ్ల కిందటి సరుకు. మరమ్మతుకు ఆదివారం ఆదివారం ఆముదం. బరువంటావా, నలుగురిని కని పెంచింది, తమ్ముళ్ళ పిల్లల్ని లెక్కపెట్టలేదు. సుభాషిణి అన్నీ ఉన్నవి ఉన్నట్టు నింపింది. నిర్దేశి మెత్తబడింది. కానీ నిమిషాల గడి దగ్గర బండి ఆగిపోయింది.

"ఎంతసేపు పోస్తావు పిన్నీ? అంకె కావాలి."

"అంకెంటే ఏటి సెప్తానమ్మా. గుంట తల వాల్సీదాకా. ఒకలు పావుగంటకి వాల్సేస్తారు, ఒకలు గంటైనా కళ్ళు ముయ్యరు. సగంలో లేస్తే అది లాలేటి, తడపడం గాని."

స్నానం పనులకు ఆ గడిలో పన్నెండుకు మించి పట్టదు. పన్నెండు రాస్తే కోడ్ సులువుగా వచ్చేస్తుంది, పైడమ్మ పనీ నిలుస్తుంది. కాకపోతే పన్నెండో నిమిషాన కుళాయి కట్టేసుకుంటుంది, పిల్ల ఒంటినిండా సున్నిపిండితో ఉన్నా సరే. సుభాషిణి పన్నెండు రాసింది, చెరిపింది. భోజనం మానేసి నియమావళి మొదటినుంచీ చదివింది.

నాలుగు దాటాక దొరికింది. పెద్ద ఆపరేషన్లకు నిమిషాలు రాయక్కర్లేదు. ముగింపు చెప్పే అధికారి ఎవరో రాస్తే చాలు. ఆ అధికారి 'అయింది' అనేదాకా ఎవరూ దేన్నీ కదపరాదు, పట్టికను కూడా. ఏది పెద్ద ఆపరేషనో, ఆ అధికారి డాక్టరే అయుండాలనో మాత్రం ఎక్కడా లేదు. ఎవరూ అంత దూరం ఆలోచించి ఉండరు. ఇది తిరగబడితే నలభై కోడ్లూ రద్దవుతాయి, పదకొండేళ్ల ఉద్యోగానికీ నీళ్ళొదులుకోవాలి. సుభాషిణికి అదంతా తెలుసు. అయినా రాసింది.

ముగింపు చెప్పే అధికారి: శిశువు.

అధికారి గుర్తింపు సంఖ్య? పిల్ల కాలి పట్టీ మీదిది చూసి నింపింది. అధికారి ముగింపును ఎలా తెలుపుతారు? తల వాల్చి. నిర్దేశి నలభై క్షణాలు ఆలోచించింది. అది అంతసేపు ఆలోచించగా సుభాషిణి ఎన్నడూ చూడలేదు. ఒకసారి చేసి చూపండి అంది చివరికి.

నాలుగూ నలభైకి పైడమ్మ మళ్ళీ కాళ్ళు చాపింది. పిల్లను పడుకోబెట్టి, నుదుటికి అరచెయ్యి అడ్డంపెట్టి, కళ్ళలో నీళ్ళు పడకుండా మొదటి చెంబు పోసింది. పిల్ల మాత్రం కళ్ళు పెద్దవి చేసి అందరినీ చూస్తోంది. పన్నెండు నిమిషాలయ్యాయి. కుళాయి ఆగలేదు. ఐదైంది. పట్టిక మూతపడలేదు.

ఐదూ ఐదుకు మండల అధికారి జోగారావు గారి పిలుపు వచ్చింది. మూడు వందల పన్నెండు ఆసుపత్రుల పట్టిక ఎవరికోసం ఆగిందని గట్టిగా అడిగారు. అక్కడెవరో అధికారిణి ఇంకా ముగించలేదని కనిపిస్తోందట, ఆవిడ్ని వెంటనే లైనులోకి రమ్మన్నారు.

"ఆవిడ స్నానంలో ఉన్నారండీ," అంది సుభాషిణి.

"ఎంతసేపు?"

"ఆవిడ ఇష్టమండీ."

సుభాషిణి పలకను పీటకు దగ్గరగా జరిపింది. నీళ్ళ చప్పుడు, పైడమ్మ ఏవో అర్థంలేని ముద్దుమాటలు గొణుగుతున్న చప్పుడు ఆయనకు వినిపిస్తూనే ఉండాలి. ఆయన గొంతు తగ్గించి, లాలా అని అడిగారు. అవునండీ అంది. ఈ మాట విని ఎన్నేళ్ళయిందో అన్నారాయన. ఇంకా మెల్లగా, కానివ్వండమ్మా, తొందరపెట్టకండి అన్నారు. సుభాషిణికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది.

ఐదూ ఇరవై మూడుకు పిల్ల రెప్పలు బరువెక్కాయి. ఓసారి పెదవులు చప్పరించి, పైడమ్మ కాలి మీద తల పక్కకు వాల్చింది. కుళాయి దానంతటదే ఆగింది. పలక మీద అక్షరాలొచ్చాయి: అధికారి ముగించారు. లాల ఆమోదితం. పట్టిక మూయబడింది.

ఝాన్సీ మంచం దిగి వచ్చి పైడమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. అది సంతోషపు ఏడుపేనని ఎవరికీ చెప్పక్కర్లేదు. పైడమ్మ పిల్లను మెత్తటి పాతచీరలో చుట్టి తల్లి చేతికిచ్చింది.

ఇంతలో పలక మళ్ళీ వెలిగింది. పాలకొండ నుంచి, టెక్కలి నుంచి, ఇచ్ఛాపురం నుంచి వార్డులు అడుగుతున్నాయి. కొత్త కోడ్ చూశాం, మాకూ కావాలి, ఈ కాళ్ళనే పనిముట్టు ఎక్కడ దొరుకుతుంది? సుభాషిణి చదివి వినిపించింది.

"తలుపులు తియ్యమనమ్మా," అంది పైడమ్మ, తడిసిన చీర పిండుకుంటూ. "కాళ్ళకేటి కరువు."

సుభాషిణి ఆ మాటనే అక్షరం మార్చకుండా అందరికీ పంపింది.